నిలబడని బ్రేకర్

భీమిలిలోని ఆ పాత పెంకుటింట్లో పొద్దుటి నుంచీ బ్రేకర్ ఎత్తడం, అది టక్కున పడిపోవడం. ఫ్రీజర్‌లో పెళ్ళివారికివ్వాల్సిన వంజరం చేపలు మెత్తబడిపోతున్నాయని అనూరాధకు కాలు నిలవడం లేదు.

"పుల్ల అడ్డెట్టి కట్టేత్తాను. ఇంకెలా పడతాదో సూత్తాను," అన్నాడు ఆమె భర్త అప్పలరాజు.

"వొద్దు మావా! ఊరికే పడతాదేటి?" అంటూ పుల్ల లాక్కుంది. స్విచ్‌లన్నీ ఆపేసి బ్రేకర్ ఎత్తింది. నిలబడింది. ఫ్రీజర్ వేసినా, ఫ్యాన్ వేసినా నిలబడింది. పెరట్లోని నీళ్ళ మోటారుకు ఇంట్లో ఉన్న స్విచ్ వేయగానే పడిపోయింది.

ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. మోటారు వైరు బట్టలారేసే ఇనప తీగకు ఒరుసుకుని, తొక్క ఊడి, రాగి బయటపడింది. అత్త గంగాలమ్మ తడిచీర పిండి ఆ తీగ మీద వేయబోతోంది.

"అత్తా, ముట్టుకోకు!" అనూరాధ ఆమెను వెనక్కి లాగింది.

ముసలామె బిత్తరపోయింది. "పొద్దున సెయ్యి జివ్వుమంటే నరాల జబ్బనుకున్నానే!"

"నాను పుల్ల కట్టేసుంటే..." అప్పలరాజు తల్లి చేతిలోని తడిచీర తీసుకుని ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు మార్చేదాకా అనూరాధ పెరటి తలుపు గొళ్ళెం ఎవరినీ తియ్యనివ్వలేదు.