రికార్డుల భద్రతకు ప్రథమ బహుమతి

పినాకినీ వాఙ్మయ పరిషత్తు కార్యదర్శి జయరామయ్య గారి ఉత్తరీయం ఎన్నడూ నలగదు. పని చేస్తే కదా నలగడానికి! ఈ మాట కామాక్షమ్మ పైకి అనలేదు గానీ, ఇందుకూరుపేట పక్కన పల్లెపాలెం నుంచి నెల్లూరికి మూడుసార్లు బస్సెక్కి వచ్చిన మనిషి ఆ మాత్రం అనుకోవడంలో తప్పేముంది?

1959లో పరిషత్తు పెట్టిన 'అభిజ్ఞ' అనే తెలుగు పరీక్షలో ఆమె పాసైంది. పట్టా గాలివానలో గుడిసె కప్పుతో పాటే ఎగిరిపోయింది. నాలుగేళ్లకు ఇప్పుడు వాళ్ల పల్లెపాలెం బడిలో తెలుగు టీచరు పని ఖాళీ పడింది. వలలేసే ఇంట్లో పుట్టిన ఆడమనిషికి అట్లాంటి పని మళ్లీ దొరకదు. పాసైనట్టు రుజువు శనివారంలోగా విద్యాశాఖ ఆఫీసులో చూపించాలి. ఆ రోజు గురువారం.

"ఆ సంవత్సరపు రిజిస్టరు లభ్యము కాలేదమ్మా. వచ్చే ఏడు మళ్లీ పరీక్షకు కూర్చో" అన్నాడు జయరామయ్య.

"పాసైనదాన్ని మళ్లీ ఎందుకు కూర్చోవాల సామీ? మీరు పోగొట్టుకుంటే నా తప్పా?"

"పరిషత్తు రికార్డులు పోవు. లభ్యము కావు, అంతే. వచ్చావు గనుక మా ప్రదర్శన చూసి వెళ్లు."

కడుపు మండుతున్నా హాల్లోకి వెళ్లింది. పాత అధ్యక్షుడి చేతికర్ర, ఆయన ముందటి అధ్యక్షుడి సిరాబుడ్డి, ఇద్దరికీ కప్పిన శాలువలు. చదువుకు సంబంధించింది ఒక్కటీ లేదు. గోడకు నడిమధ్య నిలువెత్తు అట్ట: 'రికార్డులను తేమ నుండి, చెదల నుండి కాపాడు విధానము'. రచన జయరామయ్య. న్యాయనిర్ణేత జయరామయ్య. ప్రథమ బహుమతి ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు.

సముద్రపు గాలి తేమకు ఆ అట్ట వెనక మైదా జిగురు ఊడి, అంటించిన కాగితం ఒకటి కిందికి వేలాడుతోంది. ఎర్రసిరా గీతలు, వరసగా పేర్లు. కామాక్షమ్మ వంగి చూసింది. '412. కొమారి కామాక్షమ్మ, పల్లెపాలెం. ఉత్తీర్ణురాలు.'

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి, పక్కనున్న జవాను వైపు తిరిగింది.

"అట్ట వంగిపోతా ఉంటే మా కార్యదర్శి వెనక మందంగా ఏదన్నా అంటించమన్నాడక్కా. బీరువాలో చేతికి అదే తగిలింది" అన్నాడు జవాను చెంచయ్య, నేల చూపులు చూస్తూ.

ఆమె జయరామయ్యను పిలిచి చూపించింది. "ఈడుంది కదా సామీ. ఒక నకలు రాసి ముద్రెయ్యండి, చాలు."

ఆయన చూశాడు. సిగ్గుపడలేదు. "బీరువాలో ఉంటే రికార్డు. గోడకు ఉంటే ప్రదర్శన వస్తువు. ప్రదర్శన వస్తువుకు నకలు ఇచ్చే నిబంధన లేదు."

కామాక్షమ్మ అట్టను గోడ మీంచి దించింది, చేపలగంపలా నెత్తిన పెట్టుకుంది, బజారు మధ్యనే విద్యాశాఖ ఆఫీసుకు నడిచింది. జయరామయ్య కేకలు వేశాడు గానీ వెంటపడలేదు. పరుగెత్తితే ఉత్తరీయం నలుగుతుంది కదా.

ఆఫీసరు అట్ట ముందువైపు చదివి నవ్వాడు, వెనక చూసి నవ్వడం మానేశాడు.

"నీ పేరుండేది నిజమేనమ్మా. కానీ ఇది పరిషత్తు కాగితమేనని నేనెట్లా నమ్మేది? ముద్ర లేదే. కార్యదర్శి చేత ఒక ముక్క రాయించుకురా."

ఆయన రాస్తాడా! అట్ట అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. శనివారం పొద్దున, ఇంకోసారి బతిమాలుకుందామని ఆఫీసుకు వెళ్లేసరికి చెంచయ్య అక్కడే ఉన్నాడు, చేతిలో కవరుతో. ఆఫీసరు దాన్ని చించి పైకి చదివాడు.

"మా పరిషత్తువారి 1959 అభిజ్ఞ పరీక్షల అసలు రిజిస్టరు పుటలు వెనక అంటించబడిన, ప్రథమ బహుమతి పొందిన అట్టను, సదరు పరీక్షలో 412వ నంబరున ఉత్తీర్ణురాలైన కొమారి కామాక్షమ్మ అను ఆమె అపహరించినది. తగు చర్య తీసుకొనవలెను."

కింద సంతకం. సంతకం పక్కన గుండ్రంగా, స్పష్టంగా, పరిషత్తు ముద్ర.

ఆఫీసరు ఆ ఉత్తరాన్ని ఆమె దరఖాస్తుకు గుండుసూదితో గుచ్చాడు. "తగు చర్య తీసుకున్నా. సోమవారం బడికి పోమ్మా."

కామాక్షమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇంకోసారి చదవండి సామీ. పాపం, ఆయన చేసిన పని ఇదొక్కటే."