అయ్యగారు పనిలో ఉన్నారండి

చింతపండు పిసుకుతున్న చెయ్యి కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, తలమీదికి కొంగు లాక్కుంటూ వీరవేణి వీధిగుమ్మం దగ్గరికి వచ్చింది. పొద్దుటి నుంచి ఇలా రావడం ఏడోసారి.

"అయ్యగారున్నారాండీ?" అరుగు కింద నిలబడ్డ అప్పనపల్లి రైతు తలగుడ్డ తీసి అడిగాడు.

"ఉన్నారండి. పనిలో ఉన్నారు. ఎండనపడి వచ్చేరు, మంచినీళ్లు పుచ్చుకుంటారా?"

"వద్దండీ. కొబ్బరికాయలు రాశి పోసి పది రోజులైందండి. పడవ ఎప్పుడు పంపుతారో కనుక్కుందామని."

"మీ సంగతి ఆయన మరిచిపోలేదండి. నిన్నకూడా అనుకున్నారు. పడవ తిరిగి రాగానే మీకే ముందు కబురు పెడతారు. ఏమీ అనుకోకండి."

"ఆయ్, అంతమాటెందుకండీ" అని ఆ రైతు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. పడవ ఎప్పుడు వస్తుందో ఆమె చెప్పనేలేదన్న సంగతి అతనికి ఏ సగం దారిలోనో తడుతుంది. వెనక వసారాలో ఆమె భర్త ముత్యాలరాజు పట్టెమంచం మీద వెల్లకిలా పడుకుని తమలపాకు నములుతున్నాడు. "ఎవరే?" అన్నాడు. చెప్పింది. "ఊఁ" అన్నాడు.

అతనికి పని లేదనడానికి లేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, నీళ్లు వదిలిన ఈ నాలుగైదేళ్లలో కోనసీమలో పంటా పెరిగింది, పంట మోసే పడవలకు గిరాకీ పెరిగింది. ఓడలరేవులో రెండు పడవల ఆసామీగా ఉన్నవాడు ఆరు పడవల యజమాని అయ్యాడు. సగం రోజులు నిజంగానే తీరిక లేదు. మిగతా సగం రోజులు మనుషుల మొహాలు చూసే ఓపిక లేదు. రెండింటికీ గుమ్మంలో నిలబడేది వీరవేణే. ఆమెకు ముందు ఆ చోట అత్తగారు సూర్యకాంతం నిలబడేది. పళ్లూడి మాట తొస్సిపోయాక కోడలికి అప్పగించింది. అప్పగిస్తూ, వంట నేర్పినట్టే ఇదీ నేర్పింది. "గొంతు పెంచకూడదు. లేదనకూడదు, ఔననకూడదు. వచ్చినవాడు ఏదో దొరికిందనుకుని వెళ్లాలి. అంతే, ఇంకేం బ్రహ్మవిద్య కాదు."

బ్రహ్మవిద్య కాదుగాని, మధ్యాహ్నానికి దవడలు లాగేసేవి. పొయ్యి మీద కూర మాడిపోతుంటే నవ్వుతూ నిలబడాలి. ఎవడో కోపిష్టి వచ్చి ఆయన్ని తిట్టాల్సిన తిట్లు తనను తిడితే "నిజమేనండి, మీరన్నదాంట్లో తప్పులేదండి" అనాలి. వచ్చిన ప్రతివాడికీ పంచాక తనకంటూ ఒక్క మాట మిగిలేది కాదు. పుట్టింటి నుంచి చెల్లెలు వస్తే ఏం మాట్లాడాలో తోచక, "కూర్చోండి, మంచినీళ్లు పుచ్చుకుంటారా" అని నాలిక కరుచుకుంది ఒకసారి. ఒక్కనాడు మాత్రం, పురిటినొప్పులు పడుతున్న భార్యను అమలాపురం తీసుకెళ్లాలని ఒకతను వచ్చి ఏడిస్తే, రేవులో ఖాళీగా ఉన్న దోనె తీసుకెళ్లమంది. ఆ సాయంత్రం ముత్యాలరాజు అరవలేదు. అన్నం కలుపుకుంటూ, "నిన్ను మాట్లాడమన్నానుగాని మాట ఇమ్మన్నానా?" అన్నాడు. అదే మనిషి పదిమందిలో కూర్చుని, "మా గుమ్మంలోకి వచ్చినవాడు ఒక్కడూ నొచ్చుకుని వెళ్లడు. అది నా పద్ధతండి" అనేవాడు. తాంబూలం పళ్లెం పట్టుకుని తలుపు వెనక నిలబడి ఆమె ఆ మాట ఎన్నిసార్లు విన్నదో.

ఆ ఏడు కార్తికంలో పెద్ద పడవ బందరు వెళ్లాల్సి ఉంది. దాన్ని నడిపే సరంగు వెంకన్న బయల్దేరే ముందురోజు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "అమ్మగారూ, గాలి తీరు బాగోలేదండి. రెండ్రోజులాగి తెరచాప ఎత్తుతామని అయ్యగారితో చెప్పండి."

లోపలికెళ్లి చెప్పింది. "ఆగితే సరుకువాళ్లు ఆగుతారా? పిరికిమాటలు కట్టిపెట్టి వెళ్లమని చెప్పు" అన్నాడు ముత్యాలరాజు.

ఆ మాటను ఆ మాటగా ఆమె ఎలా చెప్తుంది? వసారా నుంచి గుమ్మం దాకా ఉన్న పది అడుగుల్లో దాన్ని కడిగి, ముళ్లు తీసేసి, తెచ్చి చెప్పింది. "నువ్వు పక్కనుంటే ఆయనకు ఏ గాలన్నా బెంగ లేదంట వెంకన్నా. నీ మీద అంత నమ్మకం." వెంకన్న మొహం విప్పారింది. సిగ్గుపడినట్టు తల గోక్కుని, "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయాడు.

పన్నెండో రోజున బందరు వైపు నుంచి ఒక ముసలి పడవవాడు నడుచుకుంటూ వచ్చాడు. అయ్యగారు పనిలో ఉన్నారని ఆమె చెప్పబోతే, "మీకు చెప్పినా ఒకటేనమ్మా" అని, నిలబడ్డచోటే చెప్పేశాడు. పెద్ద పడవ కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకమేటకు కొట్టుకుని రెండు ముక్కలైంది. అయిదుగురిలో నలుగురు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. పడవ ఎవరిదో గుర్తు పట్టి, వాళ్లను అక్కడి పల్లెవాళ్లే ఇసుకలో పూడ్చిపెట్టారు. అయిదోవాడు దొరకలేదు. వాళ్లలో ఒకడికి గడ్డం కింద పాత గాటు ఉంది. వెంకన్నే.

ముత్యాలరాజు విని తల పట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆ తరువాత లేచి, "ఉప్పు రవాణా గుత్త వచ్చే పున్నమికి ఖాయమవుతుంది. పడవ మునిగిందని తెలిస్తే నాకివ్వరు. అందాకా ఈ మాట గుమ్మం దాటకూడదు. పడవ దెబ్బతిని వెనక్కి మళ్లిందని, పడవలు కట్టే కోరంగిలో మరమ్మత్తుకు పెట్టేరని చెప్పు" అన్నాడు.

"వాళ్ల ఆడవాళ్లు వస్తారు కదండీ."

"నువ్వున్నావుగా."

వచ్చింది. వెంకన్న భార్య నూకాలమ్మ పల్లిపాలెం నుంచి రోజూ వచ్చింది, రెండు నెలల పిల్లను చంకనేసుకుని. పడవలో వెళ్లిన తక్కిన నలుగురి ఇళ్లవాళ్లు ఆమె తెచ్చే కబురు కోసం అక్కడ కాచుకుని ఉండేవాళ్లు. "కోరంగిలో ఉన్నారంట నూకాలూ, చెక్క దొరకడం ఆలస్యమవుతుందంట" అంది వీరవేణి మొదటిరోజు. ఆ మనిషి తేలికపడి నవ్వుతుంటే చూడలేక లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది, ముత్తయిదువను ఉత్తిచేతులతో పంపకూడదని. నూకాలమ్మ బొట్టు పెట్టుకుంది. మర్నాడూ అంతే. మూడోరోజు ఎండురొయ్యలు ఆకులో కట్టి తెచ్చింది. "అంతమంది గుమ్మాలెక్కి దిగుతామండి, మనిషిని మనిషిలా పలకరించేది మీరొక్కరేనండి" అంది. రాత్రి కంచం తీస్తుంటే ముత్యాలరాజు, "ఆ వెంకన్న పెళ్లాం గోల చెయ్యకుండా నెట్టుకొస్తున్నావు, నీ నోట్లో తేనుందే" అన్నాడు. మెచ్చుకున్నాడు. పదకొండేళ్లలో మెచ్చుకోవడం అదే మొదలు. మీద బురద చల్లినట్టుంది ఆమెకు.

ఆరోరోజు గుత్త మాటలకు సర్కారు కచేరీ నుంచి పెద్దమనుషులు వచ్చారు. సావిట్లో నవ్వులు. వీరవేణి వాళ్లకు గారెలు వేస్తుంటే వీధిలో నూకాలమ్మ గొంతు వినిపించింది. గుమ్మంలోకి వచ్చి చూస్తే పిల్లను వీపున గుడ్డతో బిగించి కట్టుకుంది. చేతిలో చిన్న మూట ఉంది.

"కోరంగి వెళ్తన్నానమ్మగారూ. మీతో చెప్పి వెళ్దారని."

"కోరంగా?"

"ఆయ్. ముమ్మిడివరం దాకా నడిచేసి, అక్కణ్ణించి గోదారి దాటించీవోళ్లుంటారంట. దీనికి నవ్వడం వచ్చిందండి, వోళ్లయ్యకి చూపించి, పేరేం పెట్టాలో అడుగుతాను. బాగుచేసీదాకా అక్కడే వండిపెడతాను. అక్కడ ఎవర్నడగాలండీ?"

చెప్పడానికి మాట సిద్ధంగానే ఉంది. అదే ఆమెను భయపెట్టింది. 'ఎందుకమ్మా పసిదాన్నేసుకుని అంత దూరం, నాలుగు రోజులాగు, వాళ్లే వస్తారు' అన్న మాట, తను వెతక్కుండానే, నాలిక చివర వచ్చి కూర్చుంది. వెంకన్నకు చెప్పిన మాట కూడా ఇలాగే వచ్చింది, ఇంత మెత్తగానూ. ఆయన పంపింది నిజమే. కాని ఆయన మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే వెంకన్న కోపం తెచ్చుకుని అయినా ఆగిపోయేవాడేమో. కోపం రానివ్వనిది తను. వచ్చినవాళ్లెవరికీ తను ఇన్నేళ్లూ కోపమన్నది రానివ్వలేదు.

సావిట్లోంచి ముత్యాలరాజు కేకేశాడు. "ఎవరే? పనిలో ఉన్నానని చెప్పు."

వీరవేణి గడప దాటింది. అరుగు దిగింది. నూకాలమ్మ కంగారుపడి వెనక్కి జరిగింది.

"కోరంగిలో ఎవరూ లేరు నూకాలూ. పడవ మునిగిపోయింది. వెంకన్న పోయేడు. కృష్ణ మొగ దగ్గర పూడ్చిపెట్టేరు."

నూకాలమ్మ ఏడవలేదు. "మీకెప్పుడు తెలిసిందండీ?"

ఇప్పుడే అనొచ్చు. ఇందాకే కబురొచ్చిందనొచ్చు. అడిగేవాళ్లెవరూ లేరు.

"అయిదు రోజులైంది. నువ్వు మొదటిసారి రాకముందే వచ్చి చెప్పేరు. గాలి బాగోలేదని వెంకన్న ఆగుతానంటే, నమ్మకమని చెప్పి పంపింది కూడా నేనే."

"అయిదు రోజులూ బొట్టు పెట్టి పంపేరు గదమ్మా" అంది నూకాలమ్మ. అరిచినా బాగుండేది. ఆ మాట అని, వీధి మధ్యలో కూలబడిపోయింది. వీపున పిల్ల లేచి ఏడవడం మొదలుపెట్టింది.

సూర్యకాంతం గుమ్మంలోకి వచ్చింది. "లోపలికి రావే" అంది, గొంతు పెంచకుండా. కోడలు కదలకపోతే మళ్లీ అంది. ఆ తరువాత ఆమె కూడా గడపమీద చతికిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సావిట్లో నవ్వులు ఆగిపోయాయి. ముత్యాలరాజు బయటికి వచ్చే చప్పుడు వినిపిస్తోంది.

వీరవేణి వంగి నూకాలమ్మ వీపున కట్టు విప్పి పిల్లను తీసుకుంది. రెండో చెయ్యి అందించింది. నూకాలమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. తనంతట తనే లేచింది. అయినా పిల్లను వెనక్కి లాక్కోలేదు. ఇద్దరూ పల్లిపాలెం వైపు నడిచారు, ముందు ఆమె, నాలుగడుగుల వెనక ఈమె. పెళ్లయ్యాక వీరవేణి ఈ వీధిలో కాలినడకన వెళ్లడం ఇదే మొదటిసారి. ఇసుక కాలుతోంది. వెనక నుంచి ముత్యాలరాజు పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. పెద్దమనుషులున్నారు కాబట్టి మర్యాదగానే పిలిచాడు.

పాలెంలో మొదటి ఇల్లు మరిడమ్మది. పెద్ద పడవలో వెళ్లిన కళాసుల్లో ఆమె కొడుకు ఒకడు. నూకాలమ్మ ఆ వాకిట్లో ఆగి, పక్కకు తప్పుకుంది. తాటాకు తడిక వేసి ఉంది. లోపల ఎవరో దంచుతున్నారు. వీరవేణి తడిక ముందుకు వచ్చి నిలబడి, రోకటి చప్పుడు మించేటట్టు గట్టిగా పిలిచింది.

"ఎవరూ?" అన్నారు లోపల్నించి.

"నేనండీ, వీరవేణిని. ఎవరూ పంపలేదండి, నేనే వచ్చేను."