వెనక ఇరుసు దగ్గర మోత

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు దాకా తిరిగే ఏసుపాదం గారి జీపుకి వెనక ఇరుసు దగ్గర మోత పట్టుకుంది. అలాంటి ఇలాంటి మోత కాదు. ఖాళీగా వెళ్తే కొత్తకోడలిలా కిక్కురుమనకుండా పోయేది. జనం నిండితే మాత్రం గతుకు గతుక్కీ టంగు టంగుమని అత్తగారిలా సాధించేది. వెనక కూర్చున్న ముసలమ్మలు "ఓరి నాయనా, చక్రం ఊడిపోద్దేమో, మమ్మల్నిక్కడే దింపెయ్" అని దారి మధ్యలో దిగిపోయేవాళ్ళు. దిగినవాళ్ళు ఊరుకుంటారా? పోయి జట్కా ఎక్కేవాళ్ళు. ఏసుపాదానికి ఒళ్ళు మండేది.

మండదు మరి! మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపది. భవానీపురంలో ఎవరో కొని పెట్టుకున్నదాన్ని, ఉన్నదంతా ఊడ్చి తెచ్చుకున్నాడు. పాస్టరయ్యగారు బానెట్టు మీద చెయ్యేసి ప్రార్థన చేసి మరీ రోడ్డెక్కించారు. ఇంటిల్లిపాదీ కూడు ఆ నాలుగు చక్రాల మీదే ఉంది.

మోత మొదలవకముందు వెనక చక్రం బేరింగు మార్చింది జక్కయ్య. నూజివీడు రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు అతనిది. మనిషి పొట్టి. "బైబిల్లో పొట్టి జక్కయ్య ప్రభువుని చూడ్డానికి చెట్టెక్కాడు, మన జక్కయ్య లారీ కిందకి దూరాడు" అని సంఘంలో అందరికీ పరాచికం. అతనూ నవ్వేవాడు. చెయ్యి మంచిది, మాట మెత్తన. మోత వచ్చేసరికి ఏసుపాదం తిన్నగా జీపుని అతని షెడ్డు ముందు ఆపి, దిగకుండానే అరిచాడు.

"ఏమయ్యా జక్కయ్యా! కొత్త బేరింగని చెప్పి ఏం పెట్టావు దీనికి?"

జక్కయ్య జాకీ ఎత్తి చక్రం తిప్పి చూశాడు. స్క్రూడ్రైవరు మొన ఇరుసుకి ఆనించి, పిడి చెవికి ఆనించి విన్నాడు. ఇరుసు మధ్యన కుండలా ఉంటుందే, దాంట్లోంచి కాస్త నూనె తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"అన్నయ్యగారూ, లోపల బేరింగు పోతే జాకీ మీద తిప్పినా మోగాలి. మోగట్లా. నూనెలో ఇనప రజను కూడా లేదు. జనం ఎక్కితేనే మోగుతుందంటున్నారు. అంటే బండి కుంగినప్పుడు పైదేదో వచ్చి ఇరుసుకి తగుల్తుంది. మనుషుల్ని ఎక్కించి చూస్తే గాని తెలవదు."

"కథలు చెప్పకు. కొత్త డబ్బాలో పాత బేరింగు పెట్టి బిగించావు. మోగక ఏం చేస్తది?"

టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ లారీ వాళ్ళంతా ఇటు తిరిగారు. జక్కయ్య మొహం నల్లబడింది.

"అంత మాట అనకండి అన్నయ్యగారూ. ప్రభువు బల్లలో రొట్టె తీసుకునేవాణ్ణి, మోసం చేస్తానా?"

సరిగ్గా అప్పుడే స్త్రీల సమాజం కూటం ముగించుకుని ఆడవాళ్ళు గుంపుగా అటు వస్తున్నారు. ముందు నడిచేది సంపూర్ణమ్మ, ఏసుపాదం భార్య. సమాజానికి ఆమే పెద్ద. తెల్లచీర, చంకలో బైబిలు, నడకలోనే ఒక దర్జా. వెనకాల జక్కయ్య భార్య మాణిక్యం, చంటివాణ్ణి ఎత్తుకుని.

"వదినగారూ, కాస్త ఎక్కి కూర్చోండమ్మా అందరూ. బరువు కావాలి" అన్నాడు జక్కయ్య.

"బరువే కావాలంటే శౌరమ్మత్త ఒక్కతి చాలయ్యా!" అంది ఒకావిడ.

"నేనెక్కితే మోత పోద్దే, దాంతో పాటు బండీ పోద్ది" అని శౌరమ్మ అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు కూలబడ్డారు. సంపూర్ణమ్మ చివరాఖర్న, సరిగ్గా వెనక చక్రం పైన కూర్చుంది. ఎదురుగా మాణిక్యం. ఇద్దరి మోకాళ్ళూ తగుల్తున్నాయి. "మా ఆయన పట్టుకుంటాడు చూడక్కా" అంది మాణిక్యం మెల్లగా.

ఏసుపాదం విసురుగా బండి తీశాడు. జక్కయ్య వెనకాల ఒంటికాలి మీద వేలాడుతూ, తల కిందకి వంచి చెవి పెట్టాడు. కాలవగట్టు దారిలో మొదటి గతుకు రాగానే...

టంగ్.

సంపూర్ణమ్మ ఉలిక్కిపడి కిందకి చూసింది. ఆ చప్పుడు ఆమె కూర్చున్న చోటుకి సరిగ్గా కింద నుంచి వచ్చింది. చక్రం చప్పుడు కాదది. రాతినేల మీద గుర్రం అడుగేసిన చప్పుడు.

ఆమెకి అంతా తెలిసిపోయింది.

జీపు వచ్చిన కొత్తలో సంగతి. జట్కా స్టాండు ముందు నుంచి వెళ్తుంటే ఒక ముసలి బండాయన "ఇంక మా గుర్రాలకి గడ్డి కూడా పుట్టదు" అన్నాడు, బండి కేసి చూస్తా. ఆ చూపు ఆమెకి ముల్లులా దిగింది. మర్నాడే టైరు పగిలింది. ఆ వెంటనే ఏసుపాదానికి చలిజ్వరం. ప్రార్థన చేసింది, ఉపవాసం ఉంది. అయినా ఆ చూపు కళ్ళ ముందు నుంచి పోదే!

ఊళ్ళో వాళ్ళకి ఆమె ఏం చెప్పేదో తెలుసుగా? "దిష్టీ లేదు, గిష్టీ లేదు. ప్రభువు రక్తం మీద నమ్మకం లేనివాళ్ళకే ఇవన్నీ" అనేది. అనటమేంటి, ఒకసారి సమాజంలో మాణిక్యం చంటివాడి నడుముకి నల్లతాడు కనిపిస్తే, కత్తెర తెప్పించి అందరి ముందూ తన చేత్తో కత్తిరించింది. మాణిక్యం తలొంచుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ కత్తెర చప్పుడికి ఆ రోజు సంపూర్ణమ్మకి ఎంత సంతోషమేసిందో!

అదే సంపూర్ణమ్మ, జట్కా స్టాండు దగ్గర రాలిపడ్డ గుర్రపు నాడా ఒకటి కొంగులో చుట్టి తెచ్చుకుంది. జీపు కడిగేది ఆమే, గేదెని తోమినట్టు తోమేది. కడుగుతా కడుగుతా కిందకి దూరి, ఇరుసుకి పైన, బండి చట్రానికి నల్లతాడుతో ఎవరికీ కనపడకుండా కట్టింది. కడుతూ "ప్రభువా, తప్పైతే క్షమించు" అని ప్రార్థన కూడా చేసింది. ప్రభువుకీ నాడాకీ, ఇద్దరికీ చెప్పుకుంటే పోలా అనుకుంది. ఆ తాడు ఇప్పుడు బురదకీ నూనెకీ సాగింది. జనం ఎక్కితే బండి దిగుద్ది, దిగితే నాడా ఇరుసుని కొడుద్ది.

టంగ్. టంగ్.

"ఆపండి అన్నయ్యగారూ, ఆపండి! దొరికింది. ఎవరూ దిగొద్దమ్మా" అని జక్కయ్య బండి కిందకి దూరాడు.

"ఇప్పుడన్నా చెప్పవే" అంది సంపూర్ణమ్మ లోపలి మనిషి. కాళ్ళ కింద అతని చెయ్యి తడుముతున్న చప్పుడు, కత్తి పెట్టి ఏదో కోసిన చప్పుడు. బురద పెళ్ళలు రాలాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు.

జక్కయ్య పైకొచ్చాడు. గుప్పిట్లో ఏదో నూనెగుడ్డలో చుట్టి ఉంది. అందరి మొహాలూ చూశాడు, ఒక్క సంపూర్ణమ్మ మొహం తప్ప.

"నట్టండీ. నేనే బిగించటం మర్చిపోయా. తప్పు నాదే."

"విన్నారా! విన్నారా అందరూ?" ఏసుపాదం చిందులేశాడు. "మర్చిపోయాడంట! రేపు చక్రం బిగించటం మర్చిపోతాడు, అప్పుడు మనమందరం కాలవలో! ఇంకెవడన్నా వీడి చేతికి బండి ఇస్తే వాడి ఖర్మ!"

ఎదురుగా మాణిక్యం మోకాలు చల్లగా పక్కకి జరిగింది. చంటివాడు సంపూర్ణమ్మ కొంగు పట్టుకుని ఆడుతున్నాడు. ఆమె బైబిలుని గట్టిగా పట్టుకుంది గాని, నోరు మాత్రం విప్పలేదు.

నోటిమాట కంటే వేగంగా పోయే బండి ఏముంది? స్టాండులో జీపుల వాళ్ళు బెజవాడ షెడ్లకి పోవటం మొదలెట్టారు. జక్కయ్య షెడ్డు ముందు సైకిళ్ళు తప్ప ఏమీ ఆగట్లేదు. ఆదివారం చర్చిలో మాణిక్యం ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుంది. సాక్ష్యాలు చెప్పండన్నారు అయ్యగారు. సంపూర్ణమ్మ లేచింది. "ప్రభువు మా ఇంటికి చేసిన మేలు..." అని మొదలెట్టి, దగ్గొచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు అన్నం గిన్నె దించి, చెయ్యైనా తుడుచుకోకుండా షెడ్డుకి వెళ్ళింది. జక్కయ్య ఖాళీగా కూర్చుని పాత నట్లు కిరసనాయిల్లో కడుగుతున్నాడు.

"అది ఇటివ్వు జక్కయ్యా."

అతను లోపలి గోడ చూపించాడు. రేకుల నీడలో ఒక మేకు. దానికి వేలాడుతున్నది తన నాడా ఒక్కటే కాదు. నల్లతాళ్ళు, గవ్వల పేట, ఎండిన నిమ్మకాయ, చిన్నపిల్లాడి చెప్పు.

"ఇవన్నీ ఎవరివి?"

"మన సంఘం వాళ్ళయ్యే వదినగారూ. బండి కింద పడుకునేవాడికి అందరి భక్తీ కనపడుద్ది."

నవ్వుతూనే అన్నాడు. ఆమెకి మాత్రం నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టైంది.

"నాదని ఎట్టా తెలిసింది?"

"ఆ బండి కింద చెయ్యి పెట్టేది నేనూ మీరే కదా. నేను కట్టలా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు సమాజంలో ఎట్టా నిలబడతారు? నాదేముంది, ఒక నట్టు మర్చిపోయినోణ్ణి అయ్యా. అంతేగా."

"మాణిక్యానికి?"

"తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది."

పిల్లాడి నడుముకి కట్టిన తాడు కత్తిరించి తను ఏడిపించిన మనిషి! తన పరువు కోసం చెప్పుల పక్కన కూర్చుంది. సంపూర్ణమ్మ మేకు మీద నుంచి నాడా తీసుకుంది. కొంగులో దాచబోయి ఆగింది. అందరి ముందు పడ్డ నింద చాటున దిగుతుందా? చేత్తో పట్టుకునే నడిచింది, నడిబజార్లో, ఎర్రటి ఎండలో. నల్లతాడు వేలాడతా ఉంది.

జట్కా స్టాండు దగ్గర ఆ ముసలాయన చూశాడు. "అమ్మగారూ, అది మా గుర్రం నాడాలా ఉందే. ఎక్కడ దొరికింది?"

"ఇక్కడే. నీ చూపు తగిలిందనుకుని మా బండికి కట్టా" అంది. ఆ మాట అనేశాక కాళ్ళు తేలికైనట్టు అనిపించింది గాని, మొహం మాత్రం ఇంకా కాల్తానే ఉంది.

ఏసుపాదం జీపులో జనాన్ని నింపుతున్నాడు. చుట్టూ తోటి డ్రైవర్లు, ఆ వేళ షెడ్డు దగ్గర టీ తాగిన లారీ వాళ్ళు కూడా. ఆమె నాడాని బానెట్టు మీద పెట్టింది. పాస్టరయ్యగారు చెయ్యేసిన చోటే. ఇనుము మీద ఇనుము. టంగుమంది. అందరూ తిరిగి చూశారు.

"నీ బండి మోత ఇదీ. దిష్టికని నేనే కట్టా. జక్కయ్య నట్టేం మర్చిపోలేదు. ఆ పూట నాకు తెలిసే ఊరుకున్నా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. "సమాజం పెద్దమ్మ గారే?" అన్నాడొకడు. ఏసుపాదం మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. అతను ఎక్కిన పాసింజర్లని దిగమన్నాడు.

"ఎక్కు" అన్నాడు ఆమెతో.

ఖాళీ బండి గతుకుల మీద చప్పుడు లేకుండా పోయింది. ఆమెకి ఆ పాత మోతే నయమనిపించింది.

షెడ్డు ముందు ఆపాడు. దారిన పోయే ఎడ్లబండి ఒకటి అక్కడ ఆగి ఉంది, దాని కింద నుంచి జక్కయ్య కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. పనిలేక ఎడ్లబండి ఇరుసుకి కందెన పెడుతున్నాడు. గుమ్మంలో మాణిక్యం నిలబడింది, చంకలో చంటివాడు.

"జక్కయ్యా" అన్నాడు ఏసుపాదం.

"ఆఁ ఆఁ, పైకొస్తన్నా అన్నయ్యగారూ."

"వద్దు, ఉండు. నేనే దిగుతా."

ఉతికిన తెల్లపంచెతోనే ఏసుపాదం ఆ నూనె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి బండి కిందకి దూరాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో బయటికి వినపళ్ళేదు.

సంపూర్ణమ్మ జీపులోనే ఉండిపోయింది. దిగి, నాలుగడుగులు వేసి, మాణిక్యం మొహంలోకి చూడాలి. ఒక కాలు కిందకి పెట్టింది. రెండోది రాలేదు. మాణిక్యమే వచ్చింది. పిల్లాణ్ణి ఆమె చేతుల్లో పెట్టింది. వాడి నడుముకి ఏ తాడూ లేదు. సంపూర్ణమ్మ వాణ్ణి పట్టుకుని, తలెత్తకుండా అలాగే నిలబడింది, ఒక కాలు బండిలో, ఒక కాలు నేల మీద.