కొండెక్కిన మానిక

నా కొట్లో రెండు మానికలు ఉండేవి. రెండూ మా నాన్న ఇచ్చిన ఇత్తడివే, చూపుకి ఒకలాగే ఉంటాయి. ఒకదాని అడుగు కాస్త లోతు, రెండోదాని అడుగు కాస్త మందం. కొండవాళ్ళు తెచ్చే వలిసె నూనెగింజలు లోతుదానితో కొలుచుకుంటాను. వాళ్ళకిచ్చే ఉప్పు మందందానితో కొలుస్తాను. దీన్ని మోసమనేవాళ్ళు మా వీధిలో లేరు. కొట్లన్నీ మా బంధువులవే.

అరకు దగ్గర ఓ కొండ ఊరికి మంగ్లు పెద్ద. కిందటి సంతలో నా భుజం మీద చెయ్యేసి, "సావుకారూ, మా గుంట పెళ్ళి. నువ్వు ఉప్పు కొలిసే మానికలాంటిది ఒకటి పంపు. నువ్విచ్చిన ఉప్పు ఇంటికాడ మళ్ళీ కొలుసుకుంటాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వ్యాపారంలో నవ్వుతూ అన్నదానికే ఎక్కువ భయపడాలి. ఉప్పు మానికకి సరిగ్గా సరిపోయే కొత్తది పోత పోయించి, టపాలో పంపమని నా భార్య రత్నాలుకి చెప్పి విజయనగరం వెళ్ళాను.

మర్నాడు తిరిగొచ్చేసరికి కొత్త మానిక అలమరలోనే ఉంది. వలిసెలు కొనే మానిక లేదు.

"ఇది ఇక్కడుందేటే? పార్సిల్లో ఏటి పెట్టేవు?"

"పెద్దది పెట్టేను. పెళ్ళికి సిన్నది పంపితే నలుగురూ ఏటనుకుంటారు? మీ పిసినారితనం కొండమీద కూడా సాటాలా?"

లెక్క వేసుకున్నాను. మంగ్లు ఆ మానికతో కొలిస్తే నా నాలుగు మానికల ఉప్పు మూడే అవుతుంది. పెళ్ళికి పది ఊళ్ళు వస్తాయి. వచ్చే సంతలో నా గుడారం దగ్గర ఈగలు తప్ప ఎవరూ ఉండరు. సంత పోతే నాకు మిగిలేది ఈ కొట్టూ, ఈ రత్నాలూ.

పోస్టాఫీసుకి పరిగెత్తాను. టపా అప్పుడే బయలుదేరిందన్నారు. జట్కా కట్టించుకుని ఘాటీ మొదట్లో దిగేసరికి పైమలుపులో గజ్జెలు వినిపించాయి. టపా మోసే సోంబరు. భుజాన సీలు వేసిన సంచి, చేతిలో గజ్జెల ఈటె. ఆ గజ్జెలకి పులి తొలగుతుందట. నా కేకకి సోంబరు మాత్రం తొలగలేదు, ఆగలేదు.

"ఆగరా! అందులో పార్సిలు నాదే, ఇచ్చెయ్యి!"

"టపా ఆగదు బాబూ. నువ్వే బేగి రా."

"పంపింది నేనే కదరా!"

"పంపేసినావు కదా, ఇప్పుడది సర్కారుది. మొన్న పితూరీలో టపా ఆపినోల్ని ఏటి సేసినారో ఎరికేనా?"

చుట్టల కట్ట ఇచ్చాను. తీసుకున్నాడు. నడుస్తూనే ఒకటి ముట్టించాడు. అనంతగిరిలో నేను కూలబడితే, సంచి దించకుండా నించునే అంబలి తాగి, "లెగు సావుకారూ" అన్నాడు.

రెండోనాటికి అరకు చేరాం. అక్కడి పోస్టాఫీసులో సీలు విప్పి, ఊరికి చేర్చమని పార్సిలు సోంబరు చేతికిచ్చారు. ఆఖరి ప్రయత్నంగా, "ఒరే, మంగళవారం పుట్టిన ప్రతివాడూ మంగ్లే. ఇది ఆ మంగ్లుది కాదు" అన్నాను.

"పెళ్ళున్న మంగ్లు ఒక్కడే బాబూ" అని చక్కా పోయాడు.

వాడి వెనకే నేనూ వెళ్ళాను. పెళ్ళిపందిట్లో అందరి ముందూ మంగ్లు కట్టు విప్పాడు. అతని భార్య దేముడమ్మ మానికలో చెయ్యి పెట్టి లోతు చూసి, నోరు నొక్కుకుంది.

"ఓలమ్మో! అత్తొచ్చింది!"

పందిరంతా పగలబడి నవ్వింది.

"అత్తేటి?" అన్నాను.

మంగ్లు చెప్పాడు. "నీ మానికలకి మేం పెట్టుకున్న పేర్లు. కొనేది అత్త, ఎంత పోసినా సాలదంటది. అమ్మేది కోడలు, దాని కడుపు సిన్నది."

"ఎప్పట్నుంచి?"

"మీ అయ్య కాలం నుంచి."

"తెలిసీ నాకే ఎందుకు అమ్ముతున్నారు?"

"అందుకే గదా వలిసెల్లో ఇసక కలుపుతున్నాం" అంది దేముడమ్మ. "అత్త కడుపు దేంతోనో ఒకదాంతో నింపాలి గదా!"

వలిసెలు గరగరమంటున్నాయని గానుగవాడు ఇన్నేళ్ళూ మొత్తుకుంటుంటే నేను వాడి గానుగనే తిట్టాను.

పందిట్లో కూర్చునే బేరమాడాం. వలిసెలు కోడలితో ఇస్తామన్నాడు మంగ్లు. కుదరదన్నాను. చివరికి ఉప్పూ వలిసెలూ రెండూ అత్తతోనే కొలవాలి, ఇసుక కలపకూడదు అని తేల్చుకున్నాం. అత్త సంతరోజున తప్ప మంగ్లు ఇల్లు కదలదు. కోడలు ఇక సంతకి రాదు.

కర్ర ఊనుకుంటూ ఘాటీ దిగుతున్నాను. వెనక గజ్జెలు మోగాయి. సోంబరు నన్ను దాటుతూ, "ఈపాలి ఏటీ ఆపమనవా సావుకారూ?" అన్నాడు.

ఇల్లు చేరేసరికి రత్నాలు పేరున దేముడమ్మ టపాలో పంపిన పొట్లం నాకంటే ముందే వచ్చి ఉంది. నిండా సన్నటి ఇసుక, వలిసెల్లో ఇక కలపక్కర్లేనిది. రత్నాలు దాన్ని కొత్త మానికలో పోసుకుని, కోడలిని తళతళా తోముతోంది.