అసిరమ్మ వేలికి అరిగిన పేరు

నేను ఒక ఎర్ర కార్డుని. ఎర్ర అనగానే మీరు ఇంకేదో అనుకోకండి, నాకు జెండాలూ ఊరేగింపులూ తెలియవు. నేను పుట్టింది మలేషియాలో. అక్కడ పౌరులకు నీలం కార్డు ఇస్తారు. "నువ్వు మా మనిషివి కాదు గానీ ఉండు, ఎన్నాళ్ళయినా ఉండు" అని చెప్పదలచుకున్నవాళ్ళకు నన్ను ఇస్తారు. శాశ్వత నివాసి కార్డు అని నా బిరుదు. శాశ్వతం నా మీద అచ్చువేసిన మాట మాత్రమే. నేను ప్లాస్టిక్కుని.

రాజధానిలో ఒక యంత్రం నన్ను కన్నది. పెనం మీంచి అట్టు తీసినట్టు తీశారు. ఎంత వేడిగా ఉన్నానంటే, నన్ను పట్టుకున్న గుమాస్తా ఆరునెలలు ఎడంచేత్తో అన్నం తిన్నాడు. నమ్మరా? సరే, ఆరు నిమిషాలు చెయ్యి ఊదుకున్నాడు. అక్కడి నుంచి కవరులో పడి సముద్రపొడ్డున ఒక కొబ్బరితోటకు, అసిరమ్మ చేతికి చేరాను.

అసిరమ్మ తాతలు విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆమె మాత్రం ఈ తోటలోనే పుట్టింది. ఆ రోజు తోటలో ఎన్ని కాయలు దింపారో రాసుకున్నారు గానీ పిల్ల ఒకతె పుట్టిందని ఎవరూ రాయలేదు. ఆ ఒక్క కాగితం లేక, మరో దేశం మొహం ఎరగని మనిషి, పుట్టినచోటే పరాయిదయింది.

నాకంటే ముందు ఆమె దగ్గర మా తాత ఉండేవాడు. కాగితం కార్డు. అసలు తప్పు అతని మీద జరిగింది, నాకు వారసత్వంగా వచ్చింది. అసిరమ్మకు పెళ్ళయిన కొత్తలో ఒక సర్కారు గుమాస్తా తోటలోకి వచ్చి, కొట్టం కింద బల్ల వేసుకుని, ఒక్కొక్కరినే అడిగి రాసుకున్నాడు. "నువ్వు ఎవరి మనిషివి?" అన్నాడు. అతనికి కావలసింది తండ్రి పేరు. కొత్త పెళ్ళికూతురికి ఆ మాట మరోలా వినబడింది. వాళ్ళలో ఆడది మొగుడి పేరు నోట పలకదు. అందుకని తల వంచుకుని, దూరంగా గునపం దగ్గర కాయలు వలుస్తున్న కుర్రవాణ్ణి వేలు పెట్టి చూపించింది. గుమాస్తా వెళ్ళి అతన్ని పేరడిగి, తండ్రి పేరు ఉండవలసిన చోట రాసేశాడు.

అలా సర్కారు లెక్కలో అసిరమ్మ తన మొగుడికి కూతురయింది. ఆయన ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. నాలుగో ఏటనే ఆడపిల్లను కన్న మొనగాడు భూమ్మీద ఇతనొక్కడే అయివుంటాడు.

"ఏటే కూతురా, గెంజి పొయ్యి," అనేవాడు ఆయన, భోజనానికి కూర్చుని.

"నీకు సిగ్గు నేదేటి!" అని ఆమె కొబ్బరిపీచు తీసి మీదకు విసిరేది.

ఆయన పేరు సూరినాయుడు. ఆ పేరుకు దగ్గరగా ఉందని అసిరమ్మ సూర్యుణ్ణి సూరీడనేది కాదు, "పైనున్నాయన" అనేది. "పైనున్నాయన దిగిపోనాడు, కొబ్బరి లోపలెట్టండి" అంటే కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడి చెట్లెక్కినవాళ్ళను వెతికేవారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, కొబ్బరిచిప్పలు ఎండబోస్తూ ఎండబోస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు సూరినాయుడు. ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళికి కాగితం లేదు. పిల్లలు కలగలేదు. పదకొండో రోజు దాటాక అసిరమ్మ మరిది లచ్చుమనాయుడు నన్ను ఆమె చేతిలో పెట్టి చూపించాడు. "ఇదిగో వదినా, ఈ పై వరస నీ పేరు. ఈ కింద వరస అన్నయ్యది."

ఆమెకు చదువు రాదు. కింద వరస మీద బొటనవేలు పెట్టింది.

ఆనాటి నుంచి రోజూ పొద్దు వాలాక, నన్ను రొండిలోంచి తీసి, వాకిట్లో కూర్చుని ఆ వరసను వేలితో నిమిరేది. పేరు పలకకూడదన్నారు గానీ తాకకూడదని ఎవరూ అనలేదు కదా! ఆ వేలికి కొబ్బరినూనె వాసన. ఆ వేలు వస్తుందని పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణి. నలభై ఏళ్ళ పీచు ఆమె వేలి గీతల్ని తినేసింది. మిగిలిన నున్నటి వేలు నా అక్షరాల్ని తినేసింది. మొదట మొగుడి పేరు మాయమయింది, తరవాత పైనున్న ఆమె పేరు కూడా.

మొన్న ఆసుపత్రిలో బిపి మాత్రల కోసం నన్ను చూపిస్తే నర్సు అటూ ఇటూ తిప్పి, "దీని మీద పేరే లేదు. ఈసారి కొత్త కార్డుతో రండి, లేకపోతే మాత్రలివ్వడం కుదరదు" అంది. దాంతో లచ్చుమనాయుడు వదినను వెంటబెట్టుకుని, మూడు బస్సులు మారి, పట్నంలో కార్డుల కచేరీకి తీసుకొచ్చాడు.

కొత్త కార్డు ఎందుకు కావాలో దరఖాస్తులో మూడే కారణాలున్నాయి. పోయిందా, దొంగలెత్తుకెళ్ళారా, అజాగ్రత్త వల్ల పాడయిందా. అరిగిపోయింది అనే గడి లేదు. కచేరీ వాకిట్లో డబ్బుకు పత్రాలు నింపేవాడు కాసేపు తల గోక్కుని అజాగ్రత్త దగ్గర టిక్కు పెట్టాడు. ఇక చూడండి. కార్డుకు రుసుము, అజాగ్రత్తకు జరిమానా, ఫొటోకు వేరే, పత్రం నింపినందుకు వేరే. తొమ్మిదేళ్ళు నన్ను ఒంటికి కట్టుకుని తిరిగిన మనిషి, అజాగ్రత్తకు జరిమానా కట్టడానికి కొంగుముడి విప్పింది. మనుషుల మీద నాకు గౌరవం ఉంది గానీ, వాళ్ళ దరఖాస్తుల మీద లేదు.

కౌంటరులో అధికారిణి మంచి పిల్లే. అసిరమ్మ బొటనవేలిని గాజుపలక మీద పెట్టించింది. యంత్రం కీచుమంది. మళ్ళీ పెట్టించింది. తడిగుడ్డతో తుడిచి పెట్టించింది. యంత్రానికి అక్కడ వేలే కనబడలేదు.

"వేలిముద్ర పడటం లేదమ్మా," అంది ఆ దేశపు మాటలో. "మీ కార్డు మీద తండ్రి పేరు ఏముండేదో మీ నోటితో చెప్పండి. కంప్యూటరులో సరిపోతే ఇచ్చేస్తాను. సరిపోకపోతే ఫైలు పైకి పంపాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

అసిరమ్మ తల వంచుకుంది.

"నాను సెప్తానండి," అన్నాడు లచ్చుమనాయుడు.

"మీరు కాదు. ఆమే చెప్పాలి."

"సెప్పు వదినా. ఒక్కపాలి. ఇక్కడ మనోలెవులూ నేరు."

"ఆయన ఇంతాడేటి?"

"పోయి తొమ్మిదేళ్ళయిపోనాది, ఎక్కడ ఇంతాడు? మాత్రలు మానీసి నువ్వూ ఎల్లిపోతావేటి?"

ఆమె గాజుపలక మీద పెట్టిన చెయ్యి తీయలేదు. నేను ఆ చేతి పక్కనే ఉన్నాను. పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. మూడోసారి, పొయ్యి ఊదినట్టు, మెల్లిగా అంది.

"సూరినాయుడు."

అప్పుడు కచేరీలో పంకాలన్నీ ఆగిపోయాయి. కరెంటు పోయిందని మిగతావాళ్ళు అంటారు, అనుకోనివ్వండి. ఇన్నేళ్ళూ నా ఒంటి మీద మోసిన పేరును ఆమె నోట వినడం అదే మొదలు. అంత బాగుంటుందని నాకు తెలియదు.

పంకాలు మళ్ళీ తిరిగాయి, పేరు సరిపోయింది. అధికారిణి తెర చూసి కనుబొమలు ఎగరేసింది. "తండ్రి మీకంటే నాలుగేళ్ళే పెద్దా? ఇది తప్పయి ఉంటుంది. ఎలాగూ కొత్త కార్డే కదా, మీ మరిదిగారు సాక్ష్యం పెడితే అసలు తండ్రి పేరు వేయిస్తాను. తప్పు మాదే కాబట్టి రుసుమూ జరిమానా రెండూ ఉండవు."

లచ్చుమనాయుడి మొహం వెలిగింది. "ఒప్పుకో వదినా! డబ్బులు మిగుల్తాయి, నవ్వులాటా తప్పుద్ది. మొగుడు తండ్రేటి?"

"కూతురయితే కూతుర్నే. ఆయన పేరు నా పక్కనే ఉండనీ," అంది అసిరమ్మ. ముడిలోని నోట్లు తీసి కౌంటరు మీద పెట్టింది. "అజాగర్తే అని రాసుకోమను."

అధికారిణి రసీదు కొట్టింది. పాత కార్డు కచేరీకి ఇచ్చేయాలంది. అసిరమ్మ నన్ను ఇచ్చేముందు, ఏమీ లేని ఆ కింద వరస మీద ఇంకొక్కసారి వేలు పెట్టి, తీసింది.

ఇప్పుడు నేను ఒక మూల తెగి, రేకుపెట్టెలో నాలాంటివాళ్ళ మధ్య పడి ఉన్నాను. వారం చివర మమ్మల్ని ముక్కలు చేస్తారట. దానికి నాకు బెంగ లేదు. పొద్దు వాలే వేళకు మాత్రం కొబ్బరినూనె వాసన వస్తుందేమోనని చూస్తాను.

ఆ రోజే, నా కళ్ళముందు, కొత్త కార్డు వచ్చింది. నిగనిగలాడుతోంది. ఈ కొత్తరకం కార్డుల అక్షరాలు ఎన్నేళ్ళయినా చెరగవని అధికారిణి చెప్పింది. అది విని నా తమ్ముడు గర్వంగా మెరిశాడు. అసిరమ్మ వాణ్ణి తీసుకుని, కింద వరస ఎక్కడో మరిదిని అడిగి తెలుసుకుని, బొటనవేలు పెట్టింది.

పాపం, వాడికింకా ఆ వేలి సంగతి తెలియదు. నాకు వాడి మీద ఎంత ఈర్ష్యో అదీ తెలియదు.