తెల్ల కోట్లు ఉతికే మనిషి

శనివారం సాయంత్రం యూనివర్సిటీ నుంచి ఇంటికొచ్చేటప్పుడు సుకన్య స్కూటీ మీద ఒక పెద్ద సంచి ఉంటుంది. దాని నిండా ల్యాబులో తొడుక్కునే తెల్ల కోట్లు. ఆమెదొకటి, తోటి స్కాలర్లవి కొన్ని, గైడు రాజేశ్వర్ రావు సారుది ఒకటి. ఇది ఎవరో పెట్టిన రూలేం కాదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో భానుచందర్ తన కోటు మీద మరక చూపించి, "అక్కా, మీ ఇంట్ల మిషన్ ఉన్నది గద, జర ఇది గూడ ఎయ్యరాదూ" అన్నాడు. అక్కా అని పిలిచాక కాదనడం ఆమెకు చేతకాదు, వేసింది. మరుసటి వారం ఇంకొకరిది వచ్చింది. ఆ తర్వాత సారు, ఆడపిల్ల ఉన్న ల్యాబే వేరమ్మా అని మెచ్చుకుని, తన కోటు విప్పి ఆమె కుర్చీకి తగిలించి వెళ్లారు. ఇక అడగడాలు కూడా పోయాయి. ఆదివారం ఆ కోట్లు, భర్త మల్లికార్జున్ చొక్కాలు, కూతురు సింధు గౌన్లు ఒకే మిషన్లో తిరుగుతుండేవి. ఇస్త్రీ కూడా ఈవిడే. మహాతల్లి!

సింధుకు ఎండాకాలం నుంచి ఒంటి మీద సెగ్గడ్డలు. ఒకటి మానిందనుకుంటే ఇంకొకటి. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు ప్రతిసారీ అదే మందు రాసేవాడు. వేడి చేసిందని అత్త చిలుకమ్మ పసుపు పట్టించేది. తల్లి ఇంటిపట్టున ఉంటే పిల్ల ఒళ్లు ఇట్లయితదా అని కోడలితో కాకుండా పొయ్యితో అనేది. మల్లికార్జున్ తన స్టీలు సామాను దుకాణంలో గిరాకీల ముందే నవ్వుతూ, మా ఆవిడ చదువయ్యేసరికి నా బిడ్డ చదువు గూడ అయిపోతది అనేవాడు. సుకన్య కూడా నవ్వేది. విచిత్రమేమిటంటే, ఆమె పరిశోధనంతా పుండ్ల చీములోంచి తీసిన బ్యాక్టీరియా మీదే. ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావదు అని రోజంతా ప్లేట్లలో పెంచి చూసే మనిషికి, సొంత పిల్ల వీపు మీది గడ్డ చూస్తే ఆ చదువు గుర్తుకు రాలేదు. ఇంట్లో ఆ చదువు గురించి ఆమెను అడిగినవాళ్లు లేరు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

ల్యాబ్ సేఫ్టీ ట్రైనింగ్ అని ఒక బుధవారం అందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు. హైదరాబాద్ నుంచి ఫర్హానా మేడం వచ్చింది. ల్యాబులో తొడిగింది ల్యాబు గడప దాటకూడదంది. మురికి కోట్లను అక్కడే ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చంపాకే లాండ్రీకి పంపాలంది. "ఇంటికి తీసుకెళ్తే మీ ప్లేట్లలో పెరిగేది మీ పిల్లల బట్టలకు అంటుతుంది" అని, "మరి మీ కోట్లు ఎవరు ఉతుకుతున్నారు?" అని అడిగింది. భానుచందర్ తల దించుకున్నాడు. సారు మాత్రం సంతోషంగా, "మాకా ప్రాబ్లం లేదు మేడం, మా సుకన్య చూసుకుంటది" అన్నారు. సుకన్యకు కోట్ల మధ్య తిరిగే సింధు గౌను కళ్ల ముందుకొచ్చింది. ఏడుపొస్తుందేమో అనుకుంది గాని, ఒళ్లు మండింది.

టీ దగ్గర సారు ఆమెను పక్కకు పిలిచారు.

"విన్నవ్ గద. ఇప్పటి సంది మీ ఇంటి బట్టలల్ల కలుపకు. సపరేటుగ నానబెట్టి ఉతుకు."

అంత ట్రైనింగులో ఆయనకు ఎక్కింది అదీ. ఇక ఇంటికి తీసుకెళ్లనని సుకన్య చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టి, నీ చాప్టర్లు నా టేబుల్ మీదనే ఉన్నయి, చదువుడు ఎప్పుడు తీరుతదో చూడాలె అన్నారు. చూడండి సార్ అని ఆమె వచ్చేసింది.

సారు సంగతి సరే, ఇంట్లో ఎట్లా చెప్పడం? చదువు మాన్పించడానికి ఒక్క సాకు కోసం చూస్తున్న వాళ్ల చేతికి తానే అందించినట్టు. చెప్పకపోతే డాక్టరు మళ్లీ ఆ పాత మందే రాస్తాడు. తన ప్లేట్లలోది ఆ మందుకు చావదని ఆమెకు తెలుసు. పిల్ల ఒంట్లో ఉన్నది అదే అయితే? కాకపోవచ్చు కూడా. పరీక్ష చేస్తే తప్ప తెలీదు. చెప్తే చదువు పోతుంది, చెప్పకపోతే పిల్ల నొప్పితో పడుకుంటుంది. దారి పొడుగునా ఇదే లెక్క.

సాయంత్రం సింధును తీసుకుని భార్యాభర్తలిద్దరూ దవాఖానకు వెళ్లారు. డాక్టరు పాత చీటీ చూసి కలం తీశాడు. మందు రాయకముందే సుకన్య నోరు తెరిచింది. తను చేసే పని, కోట్లు, మిషన్, అన్నీ భర్త వింటుండగానే చెప్పి, చీము పరీక్షకు పంపమని అడిగింది. డాక్టరు కలం పక్కన పెట్టి, మంచి పని చేసినవమ్మా చెప్పి అన్నాడు. గడ్డ కోసి చీము తీశాడు. రేపు పిల్లను ఇంట్లోనే ఉంచమన్నాడు.

బయటికొచ్చాక మల్లికార్జున్ బండి దగ్గర ఆగాడు.

"ఊరోళ్ల మురికంత తెచ్చి నా బిడ్డకు అంటిస్తానవా? ఇగ ల్యాబు బందు పెట్టు."

"ఉతుకుడు బందు పెట్టిన" అంది సుకన్య. "ల్యాబు బందు పెట్ట."

"మరి రేపు పిల్లను ఎవలు జూస్తరు? మా అమ్మతోని గాదు."

ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన సింధును భుజం మీంచి తీసి, అతని చేతుల్లో పెట్టింది.

"మీరే. రేపొక్క దినం దుకాణం బందు పెట్టుండ్రి."