దేవరాజు తెచ్చిన రాతిపురుగు

ఇంట్లోకి వచ్చిన ప్రతి రాయినీ శ్రీవర్ధన్ దొంగను చూసినట్టు చూసేవాడు. ఆ ఒక్క రాయిని మాత్రం చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తల్లి సులోచనకు అనుమానం పుట్టింది అక్కడే.

కొడుకుకు ఈ పిచ్చి ఎట్లా అంటుకుందో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టదు. పగలంతా తండ్రితో పాటు సిద్దిపేట బజారులో కరెంటు సామాన్ల దుకాణం చూసుకుంటాడు, ఇంటికి రాగానే భూతద్దం పట్టుకుంటాడు. డెవోనియన్ కాలమట. దాదాపు నలభై కోట్ల ఏండ్ల కింద సముద్రం అడుగున పాకిన ట్రైలోబైట్లట. బురదలో పూడి రాయైపోయాయట. సులోచన వాటికి పెట్టుకున్న పేరు రాతిపురుగులు. మొదటి పార్సెల్ వచ్చిననాడు దాన్ని గడప బయటే పెట్టించి పసుపునీళ్లు చల్లింది. చచ్చిన పురుగే కావచ్చు, గుడ్లు పెట్టి చచ్చిందేమో ఎవరికి తెలుసు.

రానురాను భయం తగ్గి చూపు పెరిగింది. వాడు రాళ్లను పరీక్షిస్తుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కనే కూర్చునేది.

"గీ కండ్లు చూడమ్మా," అనేవాడు. "తేనెతుట్టె లెక్క వరుసకు వరుస ఉండాలె. నకిలీ చేసెటోళ్లు సూదితోని పొడుస్తరు, వరుస తప్పుతది. గీ పగులు చూడు. రాయి పగిలిన కాడ పురుగు గూడ పగలాలె. పగులు పురుగు దాక వచ్చి ఆగిందంటే, దాన్ని తర్వాత అతికించిన్రన్నట్టు."

ఆఖరున దూదికి గోళ్లరంగు తుడిచే మందు అద్ది ఒక మూల రుద్దేవాడు. రంగు దిగి కింద రాయి కానిదేదో కనిపిస్తే, అది అద్దాల బీరువా ఎక్కేది కాదు.

"నీ పోలికే," అనేవాడు భర్త కాశీనాథం. "నువ్వు పాలప్యాకెట్‌ను అనుమానపడ్తవు, వాడు రాళ్లను. ఇంట్ల నమ్మేటోన్ని నేనొక్కన్నే."

"అందుకే పుచ్చు వంకాయలన్నీ నీ సంచిలనే వస్తయి," అనేది ఆమె.

మరి అలాంటి కొడుకు దేవరాజు తెచ్చిన రాయికి భూతద్దం పెట్టలేదు, దూది ముట్టించలేదు. నేరుగా బీరువా నడిమి అరలో కూర్చోబెట్టాడు.

దేవరాజు రాయపోల్ పిల్లవాడు, శ్రీవర్ధన్‌తో చదువుకున్నాడు. సౌదీలో ఏసీలు బిగిస్తాడు. అక్కడ తోటి పనివాడిది మొరాకో, ఈ రాళ్లు తవ్వి అమ్మే దేశం. వాడి చేత తెప్పించి, సెలవుకు వస్తూ బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. అరచేతి వెడల్పు పురుగు, ఒళ్లంతా ముళ్లు, నల్లగా నిగనిగ. "మా దోస్తు బీరువల గిసొంటిది లేదు గద," అని మురిసిపోయాడు.

దేవరాజు మంచివాడని సులోచనకు తెలుసు. కానీ మంచివాడి చేతికిస్తేనే కదా చెడ్డ సరుకు గడప దాటేది. లోపల ఏం కూరి పంపారో. రేపు పోలీసులొచ్చి ఇల్లంతా సోదా చేస్తే దుకాణం పరువేం కాను.

దానికి తోడు ఆదివారం హైదరాబాద్ నుంచి స్వరాజ్యలక్ష్మి మేడం వస్తానంది. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్తుంది. నచ్చితే ఈ రాళ్లను శ్రీవర్ధన్ పేరుతో అక్కడ ప్రదర్శనకు పెడుతుంది. ఒక్క మాట మాత్రం ఫోన్లోనే తేల్చింది: ఒక్కటి నకిలీ దొరికినా మిగతావీ పెట్టదు. తాను తెచ్చిన రాయిని మేడం చూస్తుంటే చూడాలని దేవరాజు కూడా వస్తున్నాడు.

శనివారం తండ్రీకొడుకులు దుకాణానికి పోగానే సులోచన బీరువా తెరిచింది. భూతద్దం పెట్టి చూస్తే కళ్ల వరుస తప్పింది. రాయి మీది పగులు, పగవాడి గడప ముందుకొచ్చినట్టు, పురుగు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. దూదికి మందు అద్ది అంచున రుద్దింది. అక్కడి నలుపంతా దూదికి వచ్చింది. కింద సున్నంలాంటి తెలుపు, అందులో బుడగ పేలిన చిల్లు.

మధ్యాహ్నం కొడుకు అన్నానికి కూర్చుంటే పళ్లెం కన్నా ముందు ఆ దూది పెట్టింది. వాడు దాన్ని చూశాడు. ఏంటని అడగలేదు.

"నీకు తెలుసారా?"

"తెల్వదు. తెలుసుకోవద్దనుకున్న."

"నువ్వా?"

"బరువెక్కువైందని వాళ్ల అవ్వకు కొన్న దుప్పటి ఎయిర్‌పోర్టులనే ఇడిచిపెట్టిండమ్మా వాడు. రాయిని ఇడువలే. చూసినంక వానికి చెప్పాలె. నేను చెప్పకున్నా నా మొకం చెప్తది."

"మరి రేపు మేడంకు చూపెడ్తవా?"

"చూపెడ్తే నా మాట పోతది. పక్కకు పెడ్తే వాని మనసు పోతది. ఎల్లుండే వాని ఫ్లైటు. పోయెటోనికి గిది చెప్పి పంపాల్నా?"

పప్పులో నెయ్యి కూడా వేసుకోకుండా తిని లేచిపోయాడు.

ఆదివారం మేడం ఒక్కో రాయినీ తిప్పి, వంచి, పగుళ్ల వెంట వేలు పోనిస్తూ చూసింది. దేవరాజు ఇస్త్రీ చొక్కాతో పక్కనే నిలబడ్డాడు. నడిమి అర ఖాళీగా ఉంది.

"నాదేదిరా?" అన్నాడు దేవరాజు.

శ్రీవర్ధన్ ఖాళీ అరను చూసి తెల్లబోయాడు.

"నేనే తీసిన బిడ్డా," అంది సులోచన చాయ్ కప్పులు పెడుతూ. "వచ్చినోళ్లందరి కండ్లు దాని మీదనే. దిష్టి తగుల్తదని దేవుని అర్రల పెట్టిన. అమాస దాక కదిలియ్యనని మొక్కిన."

"రాళ్లకు దిష్టేందే?" అన్నాడు కాశీనాథం. ఆమె చూసిన చూపుకు చాయ్ గుటక మింగి, "తగుల్తది. నల్లవాటికి ఇంకింత తగుల్తది," అన్నాడు.

మేడం నవ్వి తర్వాతి రాయి అందుకుంది. దేవరాజు దేవుడి గది గడప దాకా పోయి చేతులు జోడించాడు. వెంకటేశ్వరస్వామి పటం కింద రాతిపురుగు, దాని మీద రూపాయంత కుంకుమబొట్టు.

"బొట్టు నడుమ పెట్టకుంట అంచుకు పెట్టిన్రేందమ్మా?"

"చెయ్యి జారింది," అంది సులోచన. కొడుకు ఆ బొట్టు వంక చూసి తల దించుకున్నాడు.

మేడం బీరువాలోవన్నీ ప్రదర్శనకు రాసుకుని వెళ్లింది. దేవరాజు గేటు దగ్గర బండి తీస్తూ, "వచ్చేసారి దీనికి జోడు తెస్తనమ్మా, ఇంక పెద్దది," అన్నాడు.

సులోచన గబుక్కున గేటు పట్టుకుంది. "వద్దు బిడ్డా. అంత బరువెందుకు? మీ అవ్వకు దుప్పటి తే."

అతను ఆమె ముఖం వైపు కాసేపు చూశాడు. "సరే అమ్మా, దుప్పటే తెస్త," అని బండి కదిలించాడు.

ఆమె గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక మాటకు నాలుగు మాటలనే పిల్లవాడు అంత తొందరగా ఒప్పుకున్నాడేం? అంచున బొట్టెందుకని అడిగినవాడు, చెయ్యి జారిందంటే ఊరుకున్నాడేం?

"మల్లేం అనుమానమొచ్చిందే?" అన్నాడు కాశీనాథం వెనక నుంచి.

"ఏం లేదు," అంది. బండి మలుపు తిరిగాక కూడా లోపలికి పోలేదు.